కుక్క లేని ఇల్లు

"కుక్క లేని ఇంట్ల కుక్క సెన్సర్ ఎందుకు వెట్టినవ్‌రా అని అడుగుతున్న. గీ ఒక్క మాటకు జవాబు చెప్పమను మేడం. గిప్పుడే ఇంటికి తోలిస్త."

ఎస్సై రాజేశ్ ఈ మాట బెంచీ మీద కూర్చున్న ముఖీత్‌ని చూస్తూ అనలేదు, వినోదని చూస్తూ అన్నాడు. అందులో సగం ప్రశ్న, సగం ఎత్తిపొడుపు. ఐదేళ్ళ కిందట ఇదే ఆర్మూర్ ఠాణాలో ఇదే కుర్చీలో వినోద కూర్చునేది. ఒక పెద్దమనిషి కొడుకు మీద పెట్టిన కేసు వెనక్కి తీసుకోనని మొండికేసి, బదిలీల మీద బదిలీలు తిని, చివరికి విసుగెత్తి ఉద్యోగం వాళ్ళ ముఖాన కొట్టి వచ్చేసింది. ఇప్పుడు మందుల దుకాణం పైన చిన్న గదిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకుని, పెండ్లికొడుకు తాగుతాడా తాగడా అని వాకబు చేస్తూ బతుకుతోంది. ఆ కుర్చీలోకి వచ్చినవాడికి ఇదంతా తెలుసు. తెలిసే ఆమెకు కుర్చీ చూపించలేదు.

ముఖీత్ తల ఎత్తలేదు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. రెండు రోజుల నుంచి 'విచారణ'లో ఉన్నాడు. అరెస్టని రాస్తే మర్నాటికల్లా మేజిస్ట్రేటుకు చూపించాలి కదా, అందుకని నిన్నటిదాకా రాయలేదు. ఇవాళ రాశారు. సాయంత్రం నాలుగింటికి కోర్టుకు తీసుకుపోతారు, అక్కణ్ణుంచి జైలుకు. ఒకసారి దొంగ అని పేరు పడ్డాక ఏ ఇంటివాడూ అలారం బిగించమని అతన్ని గడప తొక్కనివ్వడు. బయట వేపచెట్టు కింద అతని తల్లి కుబ్రా పొద్దుటి నుంచి అలాగే నిలబడి ఉంది.

కేసు చిన్నదే. పసుపు కమీషన్ వ్యాపారి గంగాప్రసాద్, భార్య భాగ్యలక్ష్మి మూడు రోజుల కిందట రాత్రి మెట్‌పల్లిలో పెండ్లికి పోయారు. ఇంటికి బయట తాళం, లోపల అలారం. తెల్లవారి వచ్చి చూస్తే పడకగదిలో పెట్టెలోని బంగారం మాయం. తాళం పగల్లేదు, సైరన్ మోగలేదు. అలారం బిగించింది ముఖీత్. హాలు మూలన అతను పెట్టిన సెన్సర్, పెంపుడు జంతువులుండే ఇళ్ళకని తయారుచేసిన రకం. నేల మీద కుక్కో పిల్లో తిరిగితే ఊరుకుంటుంది, మనిషి నిలువెత్తున కదిలితే మోగుతుంది. ఆ ఇంట్లో కుక్క లేదు, పిల్లి లేదు, చిలక కూడా లేదు.

"ముందుగాలనే ప్లాన్ చేసిండు," అన్నాడు రాజేశ్. "కుక్క లెక్క నాలుగు కాళ్ళ మీద పాకిపోతె మోగదని వీనికే ఎర్క. పనికొచ్చిన రెండు దినాలు ఇంటి తాళాలు వీని చేతులనే ఉండె."

"తలుపుకు కూడ సెన్సర్ ఉన్నది గద. తలుపు తెరిస్తె మోగాలె."

"బంద్ చేసే కోడ్ వీనికి తెలుసు."

"కోడ్ కొట్టి మొత్తం బంద్ చేసినోడు, ఇగ పాకుడెందుకు? నడిసే పోవచ్చు. పాకిండంటె కోడ్ కొట్టలేదు. కోడ్ కొట్టకపోతె తలుపుకాడ మోగాలె. రెండిట్ల ఏదో ఒకటి రాస్కో రాజేశ్, రెండూ రాస్తె మేజిస్ట్రేటు నవ్వుతడు."

రాజేశ్ ముఖం ఎర్రబడింది. "నువ్వు గీ తెలివితోనే నౌకరీ పోగొట్టుకున్నవ్ మేడం. ఎవలు పంపిండ్రు నిన్ను? వాళ్ళమ్మనా?"

"నిజామాబాద్‌ల అలారం అమ్మిన డీలర్. వాళ్ళ సామాను మంచిదో కాదో చూసి చెప్పమన్నడు. కుబ్రమ్మ కాడ నాకిచ్చేటందుకు ఏమున్నది?"

అని వినోద ముఖీత్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమయ్యా, కుక్క సెన్సర్ ఎవలు పెట్టమన్నరు?"

ముఖీత్ అడ్డంగా తలూపాడు. "చెప్పరాదు మేడం. అమ్మీ మీద ఖసం తిన్న. అమ్మీ బయటనే నిలవడ్డది. ఎట్ల చెప్పాలె?"

"ఎవలకేసినవ్ ఒట్టు?"

ముఖీత్ బయట వేపచెట్టు వైపు చూశాడు. ఆమె లేచి పోతుంటే మాత్రం వెనకనుంచి నెమ్మదిగా ఒక మాట వచ్చింది. "ఆ ఇంట్ల అవ్వ మంచిగున్నదా మేడం?"

రాజేశ్ దాన్ని పట్టించుకోలేదు. తను జైలుకు పోతున్నవాడు ఎవరి ఇంట్లోనో ముసలమ్మ బాగోగులు అడగడం అతనికి వింతగా తోచలేదు. వినోదకు తోచింది.

బయట కుబ్రా ఆమె చేయి పట్టుకుంది. "వినోదమ్మా, మా వాడు చిన్నప్పుడు దుకాణంల చాక్లెట్ దొరికితె కూడ తిరిగి ఇచ్చొచ్చినోడు. జర చూడమ్మా."

ఠాణాలకు వచ్చే తల్లులందరూ ఇదే చెబుతారు. వినోద ఆ మాట ఎన్నిసార్లో విన్నది, అందులో సగం అబద్ధమని తేలింది కూడా. అయినా ఆ చేయి విడిపించుకోవడానికి ఆమెకు మనసు రాలేదు.

*

"కుక్క ఏది సేట్?"

గడప దాటకుండానే వినోద అడిగిన మొదటి ప్రశ్న ఇది. మార్కెట్ యార్డుకు పోవడానికి చెప్పులు తొడుక్కుంటున్న గంగాప్రసాద్ ఆగిపోయాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు, చేతివేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని పసుపు.

"మాకు కుక్క లేదు మేడం. అందుకే గా పోరని మీద అనుమానం. మీ కంపెనోళ్ళు తప్పు ఒప్పుకుంటరా, లేకుంటె నేను కోర్టుకు పోవాల్నా?"

"కుక్క సెన్సర్ మీరు అడగలే?"

"నాకేం తెలుసు గవన్ని? మంచిది వెట్టమన్న, వాడు గది వెట్టిండు."

"ఇంట్ల గా రాత్రి ఎవలున్నరు?"

"ఎవలు లేరు."

"మీ అమ్మ?"

"అమ్మ ఉన్నది. ఆమె ఉన్నా లేనట్టే. మంచం దిగది, చెవులు ఇనవడయి." అని గంగాప్రసాద్ స్కూటర్ ఎక్కి పోయాడు. దొంగతనం జరిగిన ఇంట్లో, దొంగతనం జరిగిన రాత్రి ఉన్న ఒకే ఒక్క మనిషిని అతను 'ఎవరూ లేరు' అన్న మాటలో కలిపేశాడు. పోలీసులు కూడా ఆ మాటే రాసుకుని పోయారు. పెద్దావిడను బయట తాళం వేసి లోపల పెట్టి పెండ్లికి పోయారా అని అడగాలన్న ఆలోచనైనా ఎవరికీ వచ్చినట్టు లేదు.

హాలు పెద్దది. ధర పెరుగుతుందని ఆపిన పసుపు బస్తాలు ఒక గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. సెన్సర్ ఎదుటి మూలన, పైన, ఉండాల్సిన ఎత్తులోనే ఉంది. కుర్రాడు పని శుభ్రంగా చేశాడు. వినోద కుర్చీ ఎక్కి దాని మీది ముద్ర చదివింది. నేల మీద తిరిగే నలభై కిలోల జంతువు దాకా మోగదు.

నలభై కిలోలు! ఆర్మూర్ మొత్తం గాలించినా అంత కుక్క ఒకటి దొరుకుతుందేమో. ఆమె అక్కడే నిలబడి డీలర్‌కు ఫోన్ చేసింది. డీలర్ కాస్త వెతికి చెప్పాడు: ఆ ఇంటికి మొదట ఇరవై కిలోల రకం పోయింది. వారం తిరక్కుండా ముఖీత్ దాన్ని వాపసు తెచ్చి, ఇంకా ఎక్కువ బరువుకు ఆగేది కావాలని నలభైది తీసుకుపోయాడు.

పాకడానికే అయితే ఇదెందుకు? ముఖీత్ అరవై కిలోలుంటాడు. ఇరవై అయినా నలభై అయినా అతని పాలిట ఒకటే, పాకినా మోగుతుంది. ఇరవై చాలక నలభై కావాలంటే, ఆ రెంటికీ మధ్య బరువున్నది ఏదో ఈ నేల మీద రోజూ తిరుగుతోంది. దాని బరువు ఎవరో తూచి మరీ చూశారు.

భాగ్యలక్ష్మి చూస్తుండగానే వినోద కొంగు నడుముకు దోపి నేల మీద చతికిలబడింది.

"అయ్యో, కుర్చీ ఉన్నది గద మేడం!"

"ఉండనీ అక్కా. నిలవడి చూసినోళ్ళకు ఏం కనవడలేదు. నేను కూసోని చూస్త."

కూర్చుంటే ఇల్లు వేరేగా కనబడింది. నాపరాళ్ళ నేల మీద వెనక గది నుంచి స్నానాల గది దాకా ఒక బాట నునుపెక్కి మెరుస్తోంది. గోడ అడుగున, జానెడున్నర ఎత్తులో, వరసగా పసుపు అంటిన అరచేతి గుర్తులు. చిన్న చేయి, వంకరపోయిన వేళ్ళు. తలుపు చట్రానికి ఆ ఎత్తులోనే రంగు అరిగిపోయింది. ఎవరో రోజూ దాన్ని పట్టుకుని మలుపు తిరుగుతున్నారు. మంచం దిగని మనిషి గోడలకు ఇన్ని గుర్తులు ఎలా పెట్టింది?

వినోద దేకుతూనే పడకగదిలోకి పోయింది. తలుపు వెనక మూలన మోకాలెత్తు టేకు పెట్టె. పాతది, ఇత్తడి బిళ్ళలు కొట్టింది. తాళం వేసే ఉంది.

"పోలీసోళ్ళు వచ్చినప్పుడు గిట్లనే తాళం ఉండెనా?"

"గట్లనే ఉండె. ఆయన తెరిస్తె లోపల ఏం లేదు."

"తాళంచెవి?"

"ఆయన దగ్గెరనే. నా చేతికియ్యడు. పెట్టె మా అత్తది. ఆమె పెండ్లై వచ్చినప్పుడు తెచ్చుకున్నదట."

దొంగ బంగారం తీసుకుని, పెట్టె మూసి, బుద్ధిగా తాళం కూడా వేసిపోయాడన్నమాట. పెట్టె తనదనుకునే మనిషే అలా చేస్తుంది. తాళం అడుగున, బొటనవేలు ఆనేచోట పసుపు మరక ఉంది. వినోద దాన్ని ముట్టుకోలేదు.

"పెండ్లికి ఏం వేస్కపోయినవ్ అక్కా?" అని అడిగింది మామూలుగా.

భాగ్యలక్ష్మి మూతి ముడుచుకుంది. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఫోన్ తీసి ఫోటో చూపించింది. పట్టుచీర, నడుముకు వడ్డాణం, మెడనిండా హారాలు. పెండ్లి వాకబుల పుణ్యమా అని వన్‌గ్రాం బంగారం వినోద కంటికి పది అడుగుల దూరం నుంచే తెలుస్తుంది.

"సొంత చెల్లె బిడ్డ పెండ్లి," అంది భాగ్యలక్ష్మి. "ఆడ అందరి ముంగట గిల్టువి వేస్కోని నిలవడ్డ. తొవ్వల దొంగలున్నరు, అసలుయి వద్దన్నడు ఆయన. నా వడ్డాణం కండ్ల చూడక ఎన్ని నెలలాయెనో. పండుగకు అడిగితె వద్దన్నడు, నోముకు అడిగితె వద్దన్నడు. గంత బందోబస్తుగ దాచి దాచి, ఆఖరికి దొంగలకు వెట్టిండు." ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ కన్నీళ్ళు అబద్ధం కావని వినోద మనసులో రాసుకుంది.

*

వెనక గదిలో కిటికీ లేదు. గోనెపట్టా మీద లసుమవ్వ కాళ్ళు చాపి కూర్చుని, పసుపు రాశిలోంచి పొడుగాటి కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి గోళాలు ఒక పక్కకు వేరు చేస్తోంది. ఎండిన పిడికెడు మనిషి. తుంటి విరిగి మూడేళ్ళయింది. ఆసరా దొరికితే నిలబడుతుంది కానీ అడుగు పడదు. చేతులు మోచేతుల దాకా పసుపు.

"ఇనవడది మేడం, గట్టిగ ఒర్లాలె," అంది భాగ్యలక్ష్మి గుమ్మంలోంచి.

"జర చాయ్ పెట్టవా అక్కా," అని ఆమెను పంపి, వినోద ముసలమ్మ పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా అడిగింది. "చెవులు ఇనవస్తయా అవ్వా?"

లసుమవ్వ చేతులు ఆగలేదు. "ఇనాల్సినయి ఇనవస్తయి. ఇనరానియి గూడ ఇనవస్తయి. అందుకే ఇనవడదని చెప్పిన."

"పోలీసోళ్ళు నిన్నేమన్న అడిగిండ్రా?"

"నన్నెవలడుగుతరు బిడ్డా? వచ్చిండ్రు, గా గుమ్మంలకెళ్ళి చూసిండ్రు. 'ముసల్ది పండుకున్నది' అన్నడు నా కొడుకు. నేను కూసోనే ఉన్న."

వినోద కూడా ఒక కొమ్ము తీసుకుని మట్టి దులపసాగింది.

"నువ్వు ఎంత బరువుంటవ్ అవ్వా?"

ఈసారి చేతులు ఆగాయి. లసుమవ్వ తల తిప్పి, ఎదురుగా ఉన్న మనిషిని మొదటిసారి చూసినట్టు చూసింది.

"గా తుర్క పోరడు చెప్పిండా? చెప్పనని వాళ్ళమ్మ మీద ఒట్టేసిండు."

"వాడు చెప్పలే. నోరు తెరుస్తలేడు. నేనే తెలుసుకున్న."

ముసలమ్మ చేతిలోని కొమ్ము పక్కన పెట్టి మొదలుపెట్టింది. గొంతులో ఏడుపు లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

"ముందుగాల వెట్టింది నేను రాత్రి దొడ్డికి పోతే లొల్లి చేసేది. దేకుకుంట పోతుంటి గద, గోడ మీద దయ్యం లెక్క ఒర్లేది. పక్కింటోళ్ళు లేసేది. నా కొడుకు గా పోరణ్ని పిలిచి, పెద్ద కుక్కలున్న ఇండ్లకు వేరేది ఉంటదట గదా, గది పెట్టు అన్నడు. పోరడు, ఎన్ని కిలోల కుక్క సేట్ అన్నడు. మా అమ్మ అన్నడు. పోరనికి నోట మాట రాలే. బరువెంతో నాకేం తెలుసు, జోకితె తెలుస్తది అని ఇద్దరు హమాలీలను పిలిపించిండు. నన్ను ఎత్తి, బయట పందిట్ల కాంటా ఉన్నది గదా, గా పసుపు బస్తాలు జోకే కాంటా, దాని మీద కూసోవెట్టిండ్రు. హమాలోడు పట్టా మీద కూసున్ననని పట్టా బరువు గూడ తీసేసి చెప్పిండు. ముప్పై నాలుగు అని. మా తాత కాలం నుంచి పసుపు పండిస్తిమి, నేను జోకిచ్చిన బస్తాలకు లెక్క లేదు. ఒక దినం నేను గూడ కాంటా ఎక్కుతనని అనుకోలె."

వినోద చేతిలోని కొమ్ము విరిగింది. ఆమెకు గంగాప్రసాద్ మీద వచ్చిన కోపం కన్నా, ఈ ఇంటికి అడుగుపెట్టిన మొదటి క్షణంలో తను కూడా కుక్క కోసమే వెతికానన్న సిగ్గు ఎక్కువగా గుచ్చుకుంది.

"పోరడు పోతుంటె చెయ్యి వట్టుకున్న," అంది లసుమవ్వ. "ఊర్ల చెప్పకు కొడుకా అన్న. మా అమ్మ మీద ఖసం అవ్వా, చెప్ప అన్నడు. వాని కండ్లల్ల నీళ్ళొచ్చినయి, నాకు రాలే. ఇగో, పనికి వచ్చిన ప్రతిసారి 'తిన్నవా అవ్వా' అని అడిగేటోడు. ఇప్పుడేడున్నడు వాడు?"

"నీకు తెల్వదా?"

"నాకెవలు చెప్తరు?"

"ఠాణాల ఉన్నడు అవ్వా. బంగారం వాడే తీసిండని పట్టుకపోయిండ్రు. నాలుగింటికి కోర్టుకు, ఆన్నుంచి జైలుకు."

లసుమవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. తెల్ల జుట్టుకు పసుపు అంటింది. "అయ్యో, గా పోరడా? నేనేం చేస్తి! బంగారం పోయిందని లొల్లి ఇనవడ్డది గని, పోరణ్ని పట్టుకపోయిండ్రని ఇనవడలే గదా బిడ్డా!"

బంగారం నువ్వే తీశావా అని వినోద అడగలేదు. అడిగితే చెప్పేదే. కానీ నాలుగు గోడల మధ్య తనొక్కతే విన్న మాటకు రాజేశ్ దగ్గర విలువ ఉండదు. మంచం దిగని చెవిటి ముసలిదాని చేత నువ్వే చెప్పించావంటాడు. ఆమె నడిచి, కాదు, దేకి చూపించాలి. నలుగురు మగవాళ్ళ ముందు. ఒక కుర్రాణ్ణి విడిపించడానికి, ఎవరికీ తెలియకూడదని ఈమె ఒట్టు వేయించుకున్న అవమానాన్నే మళ్ళీ అంగడిలో పెట్టాలి. ఆ మాట ఎలా అడగాలో వినోదకు తెలియలేదు.

లసుమవ్వే అడిగింది. "నేను పోయి చూపిస్తె, అది మోగకుంటె, పోరణ్ని ఇడుస్తరా?"

"ఇడువాల్సిందే."

"పిలువు మరి వాళ్ళను. నా కొడుకును గూడ పిలువు."

*

రాజేశ్ మూడింటికి జీపు దిగాడు. కోర్టుకు టైమవుతోందని చిరాకు. వెనకే గంగాప్రసాద్ స్కూటర్.

"ఏంది మేడం డ్రామా?"

"నీ కేసు గట్టిగ నిలవడాలంటె ఒక్క పరీక్ష చూడు. ఇంటి తలుపు రాత్రంత తెరవలేదు, కోడ్ ఎవలు కొట్టలేదు అని అలారం లెక్కనే చెప్తున్నది, ఈ అక్క ఫోన్ల ఉన్నది. కిటికీలకు గ్రిల్స్ ఉన్నయి. అంటె బయటినుంచి ఎవలు రాలే. తీసినోళ్ళు లోపల ఉన్నరు."

గంగాప్రసాద్ నవ్వాడు. "లోపల మా అమ్మ ఉన్నది. ఆమె తీసిందా? మంచం దిగదు సార్ ఆమె."

"దిగది గదా? మరి భయమెందుకు సేట్? చూద్దాం."

వినోద అందరినీ వరండాలో నిలబెట్టింది. వెడల్పాటి రెండు రెక్కల తలుపు తెరిచే ఉంది, హాలంతా కనబడుతోంది. తలుపు సెన్సర్ ఒక్కదాన్ని ఆపి, మిగిలిన అలారం భాగ్యలక్ష్మి ఫోన్‌లోంచి వేయించింది. "ముందు నువ్వు పో రాజేశ్."

రాజేశ్ రెండడుగులు వేశాడో లేదో సెన్సర్‌లో ఎర్ర దీపం వెలిగి సైరన్ చెవులు చిల్లులు పొడిచింది. భాగ్యలక్ష్మి ఆపింది, మళ్ళీ వేసింది.

"చూసినవా? మనిషికి మోగుతది. ఇగ ఆగు."

వెనక గది గుమ్మంలో లసుమవ్వ కనబడింది. రెండు చేతులు నేలకు ఆనించి, ఒళ్ళు కాస్త లేపి, ముందుకు జరిగింది. మళ్ళీ చేతులు, మళ్ళీ ఒళ్ళు. గోడ మీది తన గుర్తుల పక్కనే పోయింది. పైన దీపం వెలగలేదు. అంత పెద్ద హాలులో ఆమె చీర రాతికి రాసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రాజేశ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో అతనికే తెలియదు.

ఆమె పడకగదిలోకి పోయింది. అక్కడి నుంచి పెట్టె మూత చప్పుడు వినబడింది, తర్వాత తాళం పడిన చప్పుడు. మళ్ళీ హాలులోకి వచ్చి, కిటికీ పక్కన ఆగి, నడుముకు దారంతో కట్టుకున్న చిన్న తాళంచెవిని పైకెత్తి చూపింది.

"పెట్టె నాది. మా అవ్వగారింటోళ్ళు ఇచ్చిన్నాడు రెండు చెవులిచ్చిండ్రు. ఒకటి నా కొడుకు గుంజుకున్నడు. ఒకటి ఉన్నదని ఎవలు అడగలే."

"బంగారం నువ్వు తీసినవా అవ్వా?" అన్నాడు రాజేశ్ వరండాలోంచి. మర్యాద దానంతటదే వచ్చేసింది గొంతులోకి.

లసుమవ్వ నడుములోని గుడ్డసంచీ విప్పింది. పాతకాలపు బంగారు గుండ్ల పేరు, గుండ్లు గుచ్చిన దండ, అరచేతిలో పోసుకుంది. "నాది నేను తీస్కున్న. కుక్కకైతె మోగదని నా ముంగటనే అన్నరు గదా. కుక్క పెట్టె తెరిస్తె ఏమైతదో చూద్దామని తీసిన. ఎవలన్న వచ్చి, అవ్వా, నువ్వు చూసినవా అని ఒక్క మాట అడుగుతె ఇచ్చేద్దామనుకున్న. ఒక్కలు అడగలే. దీని మీదనే కూసోని పసుపు ఏరుతున్న."

"మిగిలినయి? వడ్డాణం, హారాలు, గాజులు... అన్ని కంప్లైంట్ల ఉన్నయి."

"నేను తెరిచిన్నాడు పెట్టెల ఇదొక్కటే ఉండె బిడ్డా. మిగిలింది ఖాళీ. ఏడికి పోయినయో తాళంచెవి ఉన్నోన్ని అడుగు."

భాగ్యలక్ష్మి మెల్లగా మొగుడి వైపు తిరిగింది. తొవ్వల దొంగలు, పండుగకు వద్దు, నోముకు వద్దు... అన్నీ ఒక్కసారిగా ఆమె ముఖంలోకి వచ్చాయి. "నా వడ్డాణం ఏంజేసినవయ్యా?"

అంతా ఇప్పుడు వినోదకు అర్థమైంది. పెండ్లి నుంచి వచ్చి పెట్టె తెరిచినప్పుడు గంగాప్రసాద్‌కు గుండ్ల పేరు కనబడలేదు. ఎవరు తీశారో అతనికి ఆ క్షణమే తెలిసి ఉంటుంది. రాత్రంతా సెన్సర్ ఎవరికి మోగదో అతని కన్నా ఎవరికి తెలుసు? కానీ ఒక దొంగ దొరికితే, ఆ ఆపిన పసుపు బస్తాల మీద పెట్టి తను ముందే ఊడ్చేసిన సొమ్ము కూడా ఆ దొంగ ఖాతాలో వేసేయొచ్చు. తల్లిని అనలేడు, అంటే కాంటా సంగతి బయటపడుతుంది. ఖసం తిన్న కుర్రాడు నోరు విప్పడు. ఎంత చక్కగా కుదిరింది!

గంగాప్రసాద్ గొంతు లేచింది. "సార్, మతి లేని మనిషి మాట వట్టుకుంటరా? ఇరవై నాలుగు గంటలు చీకట్ల కూసునే పానం, ఏం మాట్లాడుతదో దానికే ఎర్కలేదు. దాన్ని సాక్షి అని రాస్తె కోర్టుల నవ్వుతరు. అది లెక్కల మనిషా సార్?"

"జోకినప్పుడు లెక్క మంచిగనే చూసినవ్ గదా సేట్," అంది వినోద. "బయట కాంటా మీద. ముప్పై నాలుగు. గా ఇద్దరు హమాలీలు యార్డులనే ఉన్నరు. పిలువమంటవా?"

గంగాప్రసాద్ ఒక అడుగు వెనక్కి వేశాడు. రాజేశ్ అతనివైపు చూసిన చూపు పోలీసు చూపు కాదు. ఆర్మూర్‌లో అందరికీ ఒక తల్లి ఉంటుంది.

లసుమవ్వ ఇదేమీ విననట్టే ఉంది. గుండ్ల పేరు మెడలో వేసుకుంది. కిటికీ గ్రిల్‌ను ఒక చేత్తో పట్టుకుంది. తర్వాత రెండో చేత్తో, ఇంకొంచెం పైన.

"వద్దవ్వా, పడ్తవ్!" అని వినోద అడుగు వేయబోయింది.

"ఎవలు రావద్దు. ఆన్నే ఉండుండ్రి."

మూడేళ్ళుగా సరిగా బరువు మోయని కాళ్ళు. మోకాళ్ళు గజగజ వణికాయి. మెడ నరాలు ఉబ్బాయి. గ్రిల్ కడ్డీల మీద పసుపు వేళ్ళు ఒకటొకటిగా పైకి పాకాయి. నేల మీది ముప్పై నాలుగు కిలోలు మెల్లమెల్లగా లేచి, నడుము వంగి అయినా సరే, కాళ్ళ మీద నిలబడ్డాయి.

పైన మూలన ఎర్ర దీపం వెలిగింది. సైరన్ ఇల్లు ఎగిరిపోయేలా మోగింది.

ఎవరూ దాన్ని ఆపలేదు. భాగ్యలక్ష్మి చేతిలోంచి ఫోన్ జారి ఎక్కడో పడింది. రాజేశ్ ఒక చెవి మూసుకుని ఠాణాకు ఫోన్‌లో అరుస్తున్నాడు: "పోరణ్ని బండి ఎక్కియ్యకుండ్రి... వాళ్ళమ్మను లోపలికి పిలువుండ్రి... అవు, కూసోవెట్టుండ్రి!" మరో చేత్తో గంగాప్రసాద్ మణికట్టు గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

ఆ మోతలో లసుమవ్వ గొంతు చిన్నగానే వచ్చింది. అయినా అందరికీ వినబడింది.

"ఇన్నవా కొడుకా? మనిషి ఉన్నదిరా ఇంట్ల."